ఆ గోడలో నా ఇటుకలెన్ని?

2017 జనవరి 7, శనివారం. పొద్దు ఇంకా గూకలేదు. చినకాకాని దగ్గర జాతీయ రహదారి ఎక్కడికక్కడ ఆగిపోయింది.

లారీలు ఆగాయి. బస్సులు ఆగాయి. బైకులు మాత్రం ఆగడంలేదు. గుంటూరు నుంచి, తెనాలి నుంచి, బెజవాడ నుంచి, నరసరావుపేట అవతలి పల్లెల నుంచి సైలెన్సర్లు పీకేసిన బండ్ల మీద, ఆటోల వెనక వేలాడుతూ, ట్రాక్టర్ ట్రక్కుల్లో నిలబడి జెండాలు ఊపుతూ, గొంతులు బొంగురుపోయేదాకా అన్నయ్య పేరు అరుస్తూ కుర్రకారు ఏరులై పారుతోంది. దాదాపు పదేళ్ల తర్వాత చిరంజీవి హీరోగా తెర మీదికి వస్తున్నాడు. ఇంకో నాలుగు రోజుల్లో ‘ఖైదీ నంబర్ 150’ విడుదల. విజయవాడలో అనుకున్న వేడుక ఇక్కడికి మారింది. అందరి దారీ ఒకటే. హాయ్‌ల్యాండ్ గేటు.

ఆ రద్దీలో చిక్కుకుపోయిన ఒక ఆటో. వెనక సీట్లో నల్లపాడు నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు. పిల్లకు పదమూడేళ్లు. సగం ఒళ్లు ఆటో బయటే ఉంది.

“అమ్మా, అదుగో చూడు! గోపురాలు! లైట్లేశారు!”

తల్లి గోపురాలు చూడలేదు. ఎల్ఈడీ తెర చూడలేదు. రోడ్డు పక్కనే సాగిపోతున్న ప్రహరీ గోడనే చూస్తోంది. చాలాసేపు చూసింది. చివరికి తనలో తాను అనుకున్నట్టుగా అంది.

“ఆ గోడలో నా ఇటుకలెన్నో...”

ఆటో నడిపే మనిషి అద్దంలోంచి ఆమె మొహం చూశాడు. చటుక్కున చూపు తిప్పుకున్నాడు. ఆమె చేత ఆ ఇటుకలకు డబ్బు కట్టించింది అతనే.

ఆమె పేరు ఇక్కడ అక్కర్లేదు. అలాంటి ఖాతాలు 32 లక్షలు. దర్యాప్తు సంస్థలు తేల్చిన లెక్క అది. ఆ ఖాతాల నుంచి పోగైన డబ్బు 6,380 కోట్లు. ఆంధ్ర, తెలంగాణ దాటి కర్ణాటక, ఒడిశా, తమిళనాడు దాకా పాకిన వ్యవహారం. పేరు అగ్రిగోల్డ్. విజయవాడ కంపెనీ. 1995లో పుట్టింది. ఆ పేరు నల్లపాడులో ఈమె గడప దాకా ఎలా వచ్చిందో తెలియాలంటే ఎనిమిదేళ్లు వెనక్కి పోవాలి.

2009 వేసవి. గుంటూరు మిర్చి యార్డు నిండా ఎరుపు. టిక్కీల మీద టిక్కీలు. కోరు ముక్కుపుటాల్లోకి ఎక్కి, కళ్లలోంచి నీళ్లై కారుతోంది. ఆమె చీర కొంగు ముక్కుకు చుట్టుకుని తాలు కాయలు ఏరుతోంది. సాయంత్రానికి చేతులు మంట. కొబ్బరినూనె రాసుకున్నా తగ్గదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మరిది గుమ్మంలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా. చంకలో బ్యాగు.

“వదినా, నెలకు ఐదొందలు. ఐదేళ్లు కళ్లు మూసుకుని కట్టు. పాప పెద్ద చదువుకొచ్చేసరికి చేతికొస్తాయి. డబ్బు కావాలంటే డబ్బు, వద్దంటే స్థలం. భూమి మీద రాసిచ్చే బాండిది.”

భూమి. ఆ మాటే ఆమెను పట్టేసింది. కౌలు చేలల్లో పుట్టి, కౌలు చేలల్లో పెరిగి, ఒక్క సెంటు సొంతానికి లేని మనిషికి ఆ మాట చెవిన పడితే ఏమవుతుందో పత్తి, మిరప పండే ఈ నేల మీద ఎవరినడిగినా చెబుతారు. కట్టడం మొదలుపెట్టింది. పచ్చిమిరపకాయలు కొనడం మానుకున్న నెలలున్నాయి. కిస్తీ మానుకున్న నెల లేదు.

2013 ఏప్రిల్‌లో మాత్రం గుండె ఝల్లుమంది. బెంగాల్లో శారదా అనే కంపెనీ కూలిపోయింది. లక్షల మంది డబ్బు పోయింది. టీ కొట్టు దగ్గర పేపరు చదివి ఎవరో చెప్పారు. ఆ నెల మరిది వస్తే ఆమె డబ్బు తీయలేదు.

“ఇంక చాలు అబ్బాయ్. కట్టినంత కట్టాను. అవి ఇప్పించు.”

మరిది నవ్వాడు. నిజంగానే నమ్మిన మనిషి నవ్వే నవ్వు.

“చినకాకాని వెళ్లి చూసి రా వదినా. హాయ్‌ల్యాండ్ ఎవరిదనుకున్నావ్? మనదే. మన కంపెనీదే. అంత ఆస్తి కళ్లెదుట పెట్టుకుని నీ ఐదొందలకు ఎగనామం పెడతారా?”

ఎదురు ప్రశ్నకు ఆమె దగ్గర మాట లేదు. ఎవరి దగ్గర మాత్రం ఉంటుంది? కాగితం మీద రాసింది అర్థంకాని వాళ్లకు కట్టడం అర్థమవుతుంది. బౌద్ధం ఇతివృత్తంగా కట్టిన పార్కు అది. అమరావతి స్తూపం, భట్టిప్రోలు, నాగార్జునకొండ ఉన్న సీమలో బుద్ధుడి బొమ్మ నిలబెట్టి, చుట్టూ గోపురాలు లేపి, నీళ్ల ఆటలు, హోటల్ గదులు, ఫంక్షన్ హాళ్లు కట్టారు. గుంటూరు, విజయవాడ మధ్య బస్సులో తిరిగే ప్రతి మనిషీ కిటికీలోంచి చూసి తీరాల్సిందే. ఏజెంట్లకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆమె బియ్యం డబ్బాలో చేయి పెట్టింది. ఐదొందల నోటు తీసింది.

అదే ఏడాది కూతుర్ని బడివాళ్లు హాయ్‌ల్యాండ్ తీసుకెళ్లారు. నాలుగో తరగతి. పొద్దుపోయి తిరిగొచ్చింది. జుట్టు తడి ఆరలేదు. ముక్కు మీద చర్మం ఎండకు ఊడుతోంది. అన్నం ముందు పెడితే ముద్ద నోట్లోకి పోవడంలేదు. జారుడుబల్ల మీంచి నీళ్లలో పడ్డప్పుడు కడుపులో ఏమైందో చేతులు తిప్పి తిప్పి చెబుతోంది.

“మళ్లీ వెళ్దామా అమ్మా? నువ్వు కూడా?”

“వెళ్దాం. బాండు డబ్బు రానీ.”

అప్పటికింకా ఏడాది గడువుంది.

2014 నడిమికి అరవై కిస్తీలూ పూర్తయ్యాయి. ముప్పై వేలు. బాండు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. వచ్చే నెల రమ్మన్నారు. వచ్చే నెల వెళ్తే మళ్లీ వచ్చే నెలన్నారు. ఇంకోసారి వెళ్లేసరికి మెట్ల మీద జనం. చెల్లని చెక్కులు పట్టుకుని మగాళ్లు ఏడుస్తున్నారు. 2015 జనవరిలో పశ్చిమ గోదావరి జిల్లా పెదవేగి పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. సీఐడీ దిగింది. ఆస్తులు జప్తులోకి వెళ్లాయి. 2016 ఫిబ్రవరిలో కంపెనీ చైర్మన్ అవ్వా వెంకటరామారావు అరెస్టయ్యాడు. ఇటు ఊళ్లలో జనం ఏజెంట్ల ఇళ్లు వెతుక్కుంటూ బయల్దేరారు.

మరిది ఇంటి ముందూ గుమిగూడారు. అతని బైకు పోయింది. బ్యాగు పోయింది. ఊళ్లో పరువు పోయింది. ఇలా తలెత్తుకోలేక ప్రాణాలు తీసుకున్న ఏజెంట్లున్నారు, డిపాజిటర్లున్నారు. వాళ్ల ఇళ్లల్లో ఏం జరిగిందో రాయడానికి ఏ పేపరూ చాలదు. ఇతను మాత్రం అద్దె ఆటో పట్టాడు. వదినగారి వీధిలోకి రావడం మానేశాడు.  ఆ శనివారం పొద్దున నల్లపాడు సెంటర్లో ఆమే ఆటోకు అడ్డం నిలబడింది.

“చినకాకాని పోవాలి. పిల్ల చిరంజీవిని చూస్తానంటోంది. ఎంత తీసుకుంటావ్?”

అతను ఎంతో చెప్పలేదు. సీటు తుడిచాడు.

ఇప్పుడు గేటు ఎదుట, ఆ తొక్కిసలాటలో, మంచు దిగుతున్న వేళ ఆటో ఇంజిన్ ఆపేశాడు. పాసులు లేనివాళ్లను పోలీసులు కర్రలతో వెనక్కి నెడుతున్నారు. లోపల డప్పులు. తెర మీద వెలుగు మారినప్పుడల్లా జనం మొహాలు ఎర్రగా, నీలంగా మెరుస్తున్నాయి. రైతుల భూములు కంపెనీ లాక్కుంటే ఎదురుతిరిగే నాయకుడి కథ అది. దాని వేడుక జరుగుతున్నది ఇక్కడ. గేటు బయట ముప్పై వేలు పోగొట్టుకున్న కూలి మనిషి ఉంది. ఆమె పక్కన ఆమె చేత కట్టించిన మనిషి ఉన్నాడు.

“వదినా...” గొంతు పెగల్లేదు. మళ్లీ అన్నాడు. “నా పెళ్లాం పుస్తెలతాడు కూడా అందులోనే ఉంది. నేను నమ్మకుండా నీ చేత కట్టించలేదు.”

ఆమె అతనివైపు తిరిగింది. కొడుతుందనుకున్నాడు. ఆమె ప్లాస్టిక్ సంచి విప్పి, ఆకులో కట్టిన పులిహోర పొట్లం అతని చేతిలో పెట్టింది.

“తిను. పిల్ల ఇప్పుడప్పుడే కదలదు.”

పిల్ల కదల్లేదు. లోపలికి వెళ్లలేదు, చిరంజీవిని తెర మీద చుక్కంత చూసింది. అయినా ఆ రాత్రి ఇంటికొచ్చాక నిద్రపోలేదు. దాని మనసు సినిమా మీద కూడా లేదు. నాలుగో తరగతిలో ఎక్కిన పిచ్చి మళ్లీ రేగింది.

జియో వచ్చి నాలుగు నెలలైంది. నెట్ ఉచితం. ఫ్లోరిడాలో ఉండే పెదనాన్న కొడుకు ఆర్లాండో డిస్నీ వరల్డ్ వీడియో ఒకటి పంపాడు. కోట, కోట మీద బాణసంచా. అది మొదలు. ఇక ఆ పిల్ల చూడని పార్కు లేదు. రైలు పట్టాల మీద తలకిందులుగా దూసుకుపోయే ఆటబండ్ల ముందు సీట్లో కెమెరా పెట్టి తీసిన వీడియోలు, టోక్యో, పారిస్, హాంకాంగ్, ఏ పార్కు ఎప్పుడు తెరిచారు, ఏ ఆట ఎందుకు మూసేశారు, క్యూలో జనానికి విసుగు పుట్టకుండా ఏం చేస్తారు, అన్నీ నోటికొచ్చేశాయి. నల్లపాడు జంక్షన్ దాటి రైలెక్కి ఎరగని పిల్ల. అక్కడి వీధులు గుడ్డిగా నడిచేంత తెలుసు దానికి.

ఒక మధ్యాహ్నం తల్లి ఇంటి దగ్గరే మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పిల్ల పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.

“అమ్మా, మొట్టమొదటి డిస్నీల్యాండ్ తెరిచిన రోజు ఎంత గోలో తెలుసా? 1955 జులై 17. ఆదివారం. దొంగ టికెట్లు కొట్టించి వేలమంది జొరబడ్డారంట. తారు ఆరలేదు. ఆడాళ్ల చెప్పుల మడమలు దాంట్లో దిగబడిపోయాయి. తాగడానికి చాలాచోట్ల నీళ్లు రాలేదు.”

“కొత్తింటి గృహప్రవేశం అంతే మరి.”

“అది కాదమ్మా. అసలు ఎవ్వరూ అప్పివ్వలేదంట. పార్కు నడవదన్నారు. వాల్ట్ డిస్నీ తన జీవిత బీమా మీద అప్పు తెచ్చాడు. సొంత ఇల్లొకటి అమ్మేశాడు. టీవీ కంపెనీవాళ్లకు కార్యక్రమం చేసిపెడతానని ఒప్పుకుని, వాళ్ల చేత పెట్టుబడి పెట్టించాడు. కోటీ డెబ్బై లక్షల డాలర్లయింది. తర్వాత జనం టికెట్లు కొనుక్కుని లోపలికెళ్తే ఆ డబ్బుతో తీర్చుకున్నాడు.”

తల్లి చేతిలో కాయ ఆగింది.

“తన బీమా మీద తెచ్చాడా?”

“ఊఁ.”

“మరి చినకాకానిది ఎవరి బీమా మీద తెచ్చారే?”

పిల్ల నోరు విప్పలేదు. ఆ క్షణం నుంచి దానికి పార్కులంటే ఆటబండ్లు మాత్రమే కావు. వాటి కింద ఎవరి డబ్బు తిరుగుతోందో వెతకడం మొదలుపెట్టింది. వెతికేకొద్దీ చిక్కుముడులు తగిలాయి. అగ్రిగోల్డ్ కింద వందకు పైగా కంపెనీలు. హాయ్‌ల్యాండ్ ఉన్నది ఆర్కా లీజర్ అనే కంపెనీ పేరు మీద. ముంబై గొరాయ్‌లో 1989లో ఎస్సెల్ వరల్డ్ కట్టిన సుభాష్ చంద్ర గ్రూపు అగ్రిగోల్డ్ ఆస్తులు తీసుకుంటామని హైకోర్టుకొచ్చింది. నల్లపాడు ఇంట్లో ఆశ లేచింది. పార్కు నడిపి ఎరిగినవాళ్లు, వాళ్లయితే తీసుకుంటారు. 2018లో వాళ్లూ వెనక్కి తగ్గారు.

2018 నవంబర్. పత్తి తీత. మంచుకు తడిసిన పత్తి బరువు తూగుతుందని మేస్త్రి పొద్దెక్కేదాకా చేలోకి దిగనివ్వలేదు. కూలీలంతా గట్టు మీద కూర్చున్నారు. ఎవరి ఫోన్లోనో వార్తలు. ఉమ్మడి హైకోర్టులో కొత్త పేచీ లేచింది. హాయ్‌ల్యాండ్ అసలు అగ్రిగోల్డ్‌దేనా?

ఆమె లేచి నిలబడింది.

“ఏందీ? వాళ్లది కాదా?”

ఎవరూ పలకలేదు. ఐదేళ్ల కిందట మరిది గుమ్మంలో నిలబడి అన్న మాట ఆమె చెవిలో గింగురుమంది. మనదే వదినా, మన కంపెనీదే. ఆ ఒక్క మాట మీద కట్టిన కిస్తీలు కళ్ల ముందు తిరిగాయి. కట్టించుకునేటప్పుడు సాక్ష్యంగా నిలబెట్టిన గోపురాలు, తిరిగిచ్చే వేళకు ఎవరివో తెలియకుండా పోవడమంటే ఆ సాక్ష్యాన్ని నమ్మిన మనిషికి అంతకన్నా పెద్ద అన్యాయం లేదు. ఆ రోజు ఆమె పత్తి తీయలేదు. నడుచుకుంటూ మరిది ఇంటికి వెళ్లింది.

“అబ్బాయ్, నీ దగ్గర కంపెనీ కాగితాలేమున్నాయో అన్నీ తీయి. మీటింగు కాగితాలు, ఫొటోలు, పుస్తకాలు. పార్కు మాదేనని వాళ్లు అచ్చేసింది ఏదున్నా తీయి.”

అటక మీద సంచి ఉంది. దుమ్ము దులిపి ముగ్గురూ కింద కూర్చున్నారు. చాలా రోజుల తర్వాత ఒకే దీపం కింద. పార్కు బొమ్మ ఉన్న కాగితాలన్నీ పిల్ల వేరుచేసి పెట్టింది. అవి కోర్టు దాకా పోలేదు. పోవాల్సిన అవసరం రాలేదు. 2020 డిసెంబర్‌లో ఈడీ 4,109 కోట్ల ఆస్తులు అటాచ్ చేసింది. ఆ జాబితాలో హాయ్‌ల్యాండ్ పేరుంది.

ఈలోగా డబ్బు రావడం మొదలైంది. ఆస్తులు అమ్ముడుపోకముందే రాష్ట్ర ఖజానా నుంచి. 2019 నవంబర్ 7న గుంటూరులోనే సభ. పదివేల లోపు కట్టిన సుమారు 3.70 లక్షల మందికి 264 కోట్లు ఇస్తున్నట్టు అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి ప్రకటించారు. వీధిలో నాలుగిళ్లలో డబ్బు పడింది. ఈమె ఖాతా పుస్తకంలో ఏమీ పడలేదు. కట్టింది ముప్పై వేలు.

2021 ఆగస్టు 24. రెండో విడత. ఇరవై వేల లోపు వాళ్లకు. 666 కోట్లకు పైగా. మళ్లీ వీధిలో సందడి. కష్టపడి ఇంకో పదివేలు ఎక్కువ కట్టినందుకు ఆమె జాబితా బయటే ఉంది. మరీ చిన్నవాళ్లకు ముందు ఇవ్వడం న్యాయమే. కానీ మూడేళ్లు కట్టి ఆపేసిన పక్కింటామె డబ్బు తెచ్చుకుంది. నమ్మి ఐదేళ్లూ కట్టినామె వాకిట్లో నిలబడి చూసింది.

“నేనప్పుడే ఆపేయాల్సింది” అంది.

మరిది అక్కడే ఉన్నాడు. లేచి వెళ్లబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

2025 ఫిబ్రవరి. యార్డులో కొత్త కాయ దిగింది. ధర దిగజారిందని రైతులు మండిపడుతున్నారు. కోరుకు తోడు ఆ వేడి. సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే ఎదురైంది. డిగ్రీ అయింది. ఫోను చేతిలో ఉంది. పార్కు వీడియో కాదు.

“అమ్మా, హైదరాబాద్ కోర్టు ఒప్పుకుంది. ఈడీ పట్టుకున్న ఆస్తుల్లో 3,339 కోట్లవి వెనక్కి ఇస్తున్నారు. బాధితులకు పంచడానికి. ఇప్పటి ధరకు ఆరువేల కోట్లు దాటుతాయంట.”

ఆమె చేతులు కడుక్కోలేదు. మెట్టు మీద కూలబడింది.

“ఇస్తున్నారా? ఇచ్చేశారా?”

“అమ్మాలి. వేలం వేయాలి. లెక్కలు తేలాలి. ఆ తర్వాత పంచుతారు.”

“ఎప్పటికి?”

కూతురు అబద్ధం చెప్పలేదు. “అది ఎవరూ చెప్పలేదమ్మా.”

ఆమె కాసేపు మంట పుట్టే వేళ్లను ఒకదానికొకటి రాసుకుంది. ఉన్నట్టుండి అడిగింది.

“చినకాకానిది ఎవరైనా కొంటే పడగొట్టేస్తారా?”

“ఏమో. ఎందుకడుగుతున్నావ్?”

“పడగొట్టకూడదే. ఎవరు కొన్నా నడపాలి. మా డబ్బు మాకిచ్చేసి, ఆ అమెరికా ఆయన నడిపినట్టు టికెట్లమ్ముకుని నడుపుకోవాలి. అప్పుడు మనం కూడా టికెట్ కొనుక్కునే లోపలికెళ్దాం. మీ బాబాయినీ తీసుకెళ్దాం.”

కూతురు నవ్వింది. తల్లి నవ్వలేదు. లేచి లోపలికి వెళ్లి పెట్టె తెరిచింది. పాలిథిన్ కవర్లో మడతపెట్టిన బాండు, అరవై రసీదులు తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

“కొట్టు మూసేలోపు జిరాక్స్ తీయించుకు రా.”

“ఎన్ని?”

“నాలుగు. రసీదులకు కూడా.”